ముహూర్తం చూసి ఆపిన గడియారం

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఒడ్డున ప్లిమత్ అనే ఊరుంది. 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండు నుంచి వచ్చిన 102 మంది కాపురం పెట్టిన చోటు. అక్కడ 1947లో పుట్టిన ఒక మ్యూజియంలో గడ్డి కప్పిన ఇళ్లు, చెక్క కంచె, పొయ్యి మీద ఉడికే గంజి, దొడ్లో మేకలు, వాటి మధ్య ఆనాటి బట్టలు కట్టి ఆనాటి యాసలో మాట్లాడే మనుషులు కనిపిస్తారు. దీనికి సజీవ చరిత్ర అని పేరు. సజీవమంటే పెరగాలి, ముదరాలి, కానీ ఈ చరిత్ర దశాబ్దాల తరబడి ఒకే ఏడాది దగ్గర నిలబడింది: 1627. వేషం కట్టినవారికి ఉన్న నియమం ఒక్కటే, ఆ ఏడాది తర్వాత జరిగిందేదీ వాళ్లకు తెలియకూడదు. ఇంత హాయైన నియమం మన శాసనసభల్లో ఇంకా ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యమే.

పనితనమంతా ఆ ఏడాది ఎంపికలోనే ఉంది. వచ్చినవాళ్లలో సగం మంది మొదటి చలికాలంలోనే పోయారు. 1627 నాటికి ఆ ఏడుపులు పాతబడ్డాయి. పాడి ఉంది, పంట ఉంది, ఆ నేలకు చెందిన వాంపనోగ్ జనంతో చేసుకున్న ఒప్పందం చెక్కుచెదరలేదు. సిద్ధాంతిగారు పంచాంగం నాలుగుసార్లు తిరగేసినా ఇంతకన్నా దివ్యమైన ముహూర్తం కుదరదు. కాగితాల ఆధారం దొరికింది కాబట్టే ఆ ఏడాదిని తీసుకున్నారని సమర్థించేవాళ్లు అంటారు. నిజమే. ఆ ఏడాది పశువులను పంచుకున్న జాబితా ఉంది, అప్పుడే వచ్చి చూసిన ఒక డచ్చి అధికారి ఊరిని వర్ణిస్తూ రాసిన ఉత్తరమూ ఉంది. కానీ కాగితాలే కొలబద్ద అయితే 1676కి వాటి కరువేం లేదు. 1621 నాటి పంట విందుకు తొంభై మందిని వెంటబెట్టుకొచ్చిన వాంపనోగ్ నాయకుడు మాసాసోయిట్ కొడుకు మెటాకమ్‌ను, వలసదారులతో యుద్ధంలో, ఆ ఏడాది ఆగస్టులో చంపారు. తల నరికి ప్లిమత్‌కు తెచ్చారు. అది చేరిన రోజు, ఆగస్టు 17, ఊరంతా దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి కేటాయించుకున్న రోజు. ఆ తలను కొయ్యకు గుచ్చి నిలబెడితే ఏళ్ల తరబడి అలాగే ఉంది. అతని తొమ్మిదేళ్ల కొడుకును ఏం చెయ్యాలో పాస్టర్లు బైబిలు తిరగేసి మరీ చర్చించుకున్నారు, చివరికి బానిసగా అమ్మారు. వీటి గురించి 1627 నాటి పెద్దమనిషిని అడిగి చూడండి. పాపం, ఆయన అబద్ధమాడాల్సిన అవసరం కూడా లేదు. మెటాకమ్ అప్పటికి పుట్టనే లేదు.

రేవు దగ్గర ఒక బండ ఉంది. వలసదారులు కాలు మోపిన బండ అని దానికి స్తంభాల మంటపం కట్టారు. ఆ ప్రయాణం గురించి రాసిన బ్రాడ్‌ఫర్డ్ గానీ విన్‌స్లో గానీ ఏ బండనూ ప్రస్తావించలేదు. 1741లో దాని మీద రేవుకట్ట కట్టబోతుంటే, తొంభై నాలుగేళ్ల థామస్ ఫాన్స్ అనే పెద్దాయన, ఇదే ఆ బండ అని చిన్నప్పుడు పెద్దలు చెప్పగా విన్నానని సాక్ష్యమిచ్చాడు. 1774లో జరపబోతే అది రెండు ముక్కలైంది, 1880లో అతికించి 1620 అని చెక్కారు. అంటే బండ మీది తారీఖు వయసు బండ కథ కన్నా చిన్నది! అసలు వాళ్లు ముందు దిగింది కేప్ కాడ్ కొసన. అక్కడి జనం నేలలో దాచుకున్న మొక్కజొన్న తవ్వి తీసుకున్నామనీ, సమాధులు తెరిచి చూశామనీ 1622లో తామే అచ్చు వేయించి చెప్పుకున్నారు. దానికి మంటపం లేదు. ఆగస్టు శుక్రవారాల్లో మాత్రం యాభై ఒక్కమంది నాటి బట్టల్లో శ్మశానపు గుట్ట వరకు నడుస్తారు. మొదటి చలికాలం దాటి బతికినవాళ్లు ఎందరో అందరు, ఆడామగా వయసుల లెక్క కూడా సరిపోయేలా. 1921లో మొదలైన ఆచారమిది. వీళ్లు రాకముందు మూడు నాలుగేళ్లలో అంటురోగానికి పూర్తిగా ఖాళీ అయిపోయిన పటక్సెట్ అనే ఊరు సరిగ్గా ఇదే స్థలంలో ఉండేది. ఆ చచ్చినవాళ్లకు ఇలా తలల వారీ లెక్క లేదు గనక నడకా లేదు.

పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి పుడుతుంది కదా, అందుకైనా సంతోషించరాదా అని కొందరంటారు. పుడుతుంది, కాదనను. అమెరికాలో మన తెలుగు పిల్లలు కూడా నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగకు బళ్లో వలసదారుల కాగితపు టోపీలు కత్తిరించి తెచ్చుకుంటారు. ఆ టోపీకి బకిల్ ఉండేది కాదని, అది పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారుల ఊహ అని సవరించిన ఘనత ఇలాంటి మ్యూజియంల పరిశోధకులదే. నా గొడవ కూడా అదే. బకిల్ దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉండగలిగినవాళ్లు తారీఖు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మొహమాటపడతారు? 2020లో మ్యూజియం తన పేరులో పటక్సెట్‌ను చేర్చుకుంది, మంచిదే. అంతకన్నా మెచ్చుకోదగ్గది వాంపనోగ్ ప్రాంగణం. అక్కడివాళ్లు వేషం కట్టరు. పూర్వపు దుస్తుల్లో ఉన్నా ఈ కాలపు మనుషులుగానే మాట్లాడతారు, కాబట్టి 1676 గురించి అడిగితే జవాబు దొరుకుతుంది. ఒకే టిక్కెట్టు మీద ఒక పక్క తెలియనట్టు నటించడం జీతం వచ్చే పని, ఇంకో పక్క తెలిసింది చెప్పడం.

చెప్పనివ్వని సందర్భమూ ఉంది. 1970లో మేఫ్లవర్ రాక 350వ వార్షికోత్సవానికి వాంపనోగ్ పెద్ద ఫ్రాంక్ జేమ్స్‌ను మాట్లాడమని పిలిచి, ముందుగా ప్రసంగం చదివి చూసుకున్న నిర్వాహకులు మార్చమన్నారు. ఆయన మార్చలేదు, మాట్లాడనూ లేదు. ఆ ఏడాది నుంచి థాంక్స్‌గివింగ్ రోజున బండకు ఎగువన ఉన్న కోల్స్ హిల్ మీద మాసాసోయిట్ విగ్రహం దగ్గర సంతాప దినం జరుగుతోంది. అదే రోజు కింద వీధిలో వలసదారుల వేషాల నడక కూడా ఉంటుంది. 1997లో పోలీసులు సంతాపం పాటించేవాళ్లనే అరెస్టు చేశారు. మరుసటి ఏడాది రాజీలో భాగంగా మెటాకమ్ పేర ఊరి నడిబొడ్డున ఒక ఫలకం పెట్టారు. ఇక మిగిలింది కార్యక్రమమే. ఆగస్టు ఎలాగూ ఊరేగింపుల నెల, బట్టలు కుట్టించే ఉన్నాయి, డోలూ ఉంది; ఒక శుక్రవారం 17వ తేదీన పడ్డ ఏడాది, ఆ యాభై ఒక్కమందిలో ముందు నడిచేవాడి చేతికి కొయ్య ఇస్తే సరిపోతుంది.