కురుచ కాడ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

టీక రాయడం కడపకు కొత్త కాదు. 1820లో కొలువు మీద ఇక్కడికొచ్చిన సి.పి.బ్రౌన్ దొర బంగళా కొని, పండితుల్ని జీతాల మీద కూర్చోబెట్టి, తాళపత్రాలు తిరగరాయించి, పాఠాలు సరిచూయించి, కావ్యాలకు వ్యాఖ్యలు రాయించాడు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య పంతులు చేసిన వ్యాఖ్య ఆ దొర పూనికతో వచ్చిందే. ఆ బంగళా స్థలంలోనే ఇప్పుడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం నడుస్తోంది. అంతటి ఊళ్లో ఎలక్ట్రిక్ గిటార్ ఇనుపకాడ మీద ఒక్క టీకైనా లేదంటే అది సీమకే లోటు.

గిటార్‌కూ సీమకూ ఏం సంబంధం అనేవాళ్లు చవితి రోజుల్లో కర్నూలుకు రావాలి. వినాయకుళ్లు కె.సి.కాలువలో కలిసేలోగా ఎన్ని పందిళ్లలో ఆర్కెస్ట్రాలు మోగుతాయో వాళ్లకే తెలుస్తుంది. పెళ్లి రిసెప్షన్లూ, క్రిస్మస్ రాత్రి చర్చిలూ ఉండనే ఉన్నాయి. కీబోర్డు, ప్యాడ్లు, లీడ్ గిటార్ అన్నీ రెండు బల్లల వేదిక మీద ఇరుక్కుని వాయిస్తాయి. ఆ లీడ్ గిటార్ మీద తీగలు కట్టే బ్రిడ్జి నుంచి బయటికి పొడుచుకొచ్చే వంకర కడ్డీయే మన ప్రస్తుతాంశం. కంపెనీ కాగితాల్లో దాని పేరు ట్రెమొలో ఆర్మ్. వాయించేవాళ్లకు వామీ బార్. పద్యంలో కాడ.

ఆధారం లేనిదీ, అక్కరలేనిదీ రాయనని వ్యాఖ్యాతల చక్రవర్తి, మన మెదకు సీమవాడే అయిన కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఈ వ్యాఖ్యాత అందులో మొదటి సగం తప్పక పాటిస్తాడు. ఇక మూలపద్యం కూడా ఇతనిదే. ఉదాహరణలకు ఒకరి పద్యం అరువు తెచ్చుకోనని జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో పట్టుబట్టి అన్నీ తన పద్యాలే వాడుకున్నాడు కాబట్టి, ఇందులో తప్పెన్నడానికి లేదు.

మూలం (ఆటవెలది)

కాడ కురుచదైనఁ గరమున కందదా
తీగ చెంత నుండు తీరు గలదు
బలము కొంత హెచ్చు పట్టిన నేమాయె
వేలు కదలఁ జాలు వీణ వణకు

ప్రతిపదార్థం

కాడ = గిటార్ బ్రిడ్జికి మరతో బిగించే ఉక్కు కడ్డీ. నొక్కితే ఆరు తీగలూ ఒక్కసారి వదులై శ్రుతి కిందికి దిగుతుంది. వదిలితే వెనకనున్న స్ప్రింగులు లాగి యథాస్థానానికి తెస్తాయి. బ్రిడ్జిని కాస్త పైకి తేల్చి కట్టుకున్నవాళ్లు కాడను ఎత్తి శ్రుతి పెంచనూవచ్చు.

కురుచదైనన్ = పొట్టిదైనప్పటికీ. ఎంత పొట్టి అన్నది విశేషాంశాల్లో చూడండి.

కరమునకు = కుడిచేతికి. జిమీ హెండ్రిక్స్ కుడిచేతి గిటార్‌నే తలకిందులుగా పట్టి ఎడమచేత్తో మీటాడు. ఆయన పట్ల కాడ కిందినుంచి పైకి పోయింది. అన్వయం మారదు.

అందదా = అందకపోతుందా? అందుతుందనే భావం. కాకుస్వరంతో చదవాలి.

తీగ చెంతన్ = మీటే చోటికి దగ్గరగా. పద్యానికి ప్రాణం ఈ మాటే.

ఉండు తీరు గలదు = ఉండే గుణం ఉంది.

బలము కొంత హెచ్చు = సత్తువ కాస్త ఎక్కువగా.

పట్టినన్ = అవసరమైనా.

ఏమాయె = స్పష్టం.

వేలు = చిటికెన వేలు గాని, ఉంగరపు వేలు గాని. బొటనవేలూ చూపుడువేలూ పిక్ పట్టుకుని తమ పనిలో ఉంటాయి గనుక వాటికి ఇక్కడ ప్రసక్తి లేదు.

కదలన్ చాలు = కదిలితే చాలు. ‘కదలగలదు’ అని కూడా చెప్పుకోవచ్చు. రెండూ కవికి ఇష్టమే, వ్యాఖ్యాతకు అభ్యంతరం లేదు.

వీణ = విద్యుద్వీణ, అనగా ఎలక్ట్రిక్ గిటార్. బొబ్బిలి వీణ కాదు.

వణకు = కంపిస్తుంది.

తాత్పర్యం

గిటార్ కాడ పొట్టిగా ఉన్నంతమాత్రాన చేతికి అందకుండా పోదు. పైగా మీటే చెయ్యి తీగల దగ్గరే ఉండిపోతుంది. నొక్కడానికి కొంచెం ఎక్కువ సత్తువ కావాలంటే కావచ్చు, దానికి బదులుగా వేలు ఇసుమంత కదిలినా స్వరం కంపిస్తుంది. కనుక వాయించేవాడు సత్తువ ఖర్చు పెట్టి సామీప్యం కొనుక్కోవాలని భావం.

విశేషాంశాలు

ఒకటి: కాడ పుట్టుక. తీగవాద్యానికి కాడ తగిలించి శ్రుతి వంచే ఉపాయం అమెరికాలో 1930ల నాటికే డాక్ కాఫ్‌మన్ చేశాడు. తరువాత పాల్ బిగ్స్‌బీ ఇంకొక తీరు కనిపెట్టాడు. ఇప్పుడు మన పందిళ్లలో ఎక్కువగా కనబడేది కాలిఫోర్నియావాడు లియో ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్‌తో తెచ్చిన తీరు. దానికి 1956లో పేటెంటు వచ్చింది. బ్రిడ్జి పలక ముందు అంచున ఆరు స్క్రూల మీద ఊగుతుంది. గిటార్ వీపున తొలిచిన గుంతలో మూడు నుంచి అయిదు స్ప్రింగులు పలకను వెనక్కి లాగుతుంటే, తీగలు ముందుకు లాగుతుంటాయి. ఆరు తీగల లాగుడు సన్నపు సెట్టుకు సుమారు 38 కిలోలు, దానిపై సెట్టుకు సుమారు 47 కిలోలు. ఇంత జగడాన్ని చిటికెన వేలితో మధ్యవర్తిత్వం చేయించే సాధనం కాడ.

రెండు: కురుచ కొలత. మామూలు స్ట్రాటోకాస్టర్ కాడ సుమారు 6 అంగుళాలు. కురుచ కాడకు ప్రమాణం ‘పింక్ ఫ్లాయిడ్’ బృందపు డేవిడ్ గిల్మర్. ఆయన 1970లో న్యూయార్క్‌లో కొన్న నల్ల స్ట్రాటోకాస్టర్‌కు కాడను కత్తిరించి పొట్టి చేయించుకున్నాడు. 2008లో ఫెండర్ కంపెనీ ఆయన పేరిట తయారుచేసిన గిటార్‌కు కూడా 4.25 అంగుళాల కాడే పెట్టింది. ఆయన ఆ కాడను అరచేతిలో ఉంచుకునే మీటుతాడు, స్వరం చివర కొద్దిగా ఊపి వదులుతాడు. అదే నల్ల గిటార్ 2019 జూన్ 20న న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. పొడుగు తగ్గితే వెల తగ్గుతుందనే వాదం ఇక్కడితో సరి.

మూడు: ‘బలము కొంత హెచ్చు’. గిటార్ నేర్చే పిల్లలు కొందరు దీన్ని ‘బలము కొంత తగ్గి’ అని చదువుతారు. ఛందస్సు ఒప్పుకున్నా ఆర్కిమెడీస్ ఒప్పుకోడు గనుక అది అపపాఠం. మీటకోల ఎంత పొట్టిదైతే అంత బలం పడుతుంది. 6 అంగుళాలను 4.25కు తగ్గిస్తే నొక్కే బలం దాదాపు 1.4 రెట్లవుతుంది. అదే లెక్కన చెయ్యి కదలాల్సిన దూరం పదింట ఏడొంతులకు తగ్గుతుంది. శ్రుతి ఎంత దిగాలో అంతే దిగుతుంది. బలం మీద పోయింది దూరం మీద వచ్చింది. ఖాతా సరిపోయింది.

నాలుగు: ‘తీగ చెంత’. పొడుగు కాడ కొన పట్టుకున్నవాడి చెయ్యి మీటే తీగల్ని దాటి అవతలికి పోతుంది. అతను మీటి, కాడ వెతుక్కుని, ఊపి, వదిలి, మళ్లీ తీగ దగ్గరికి రావాలి. ఈ రాకపోకల్లో పాట తన దారిన పోతుంది. కురుచ కాడైతే చిటికెన వేలు దాన్ని చుట్టుకునే ఉంటుంది, పిక్ తీగ మీదే ఉంటుంది. మీటడమూ వణికించడమూ ఒకే చేతి కదలికలో ఇమిడిపోతాయి. శనక్కాయ చేలో కలుపు తీసే చిన్న పారకు కామ పొట్టిగా ఎందుకుంటుందో మన రైతు నడిగితే ఇదే చెబుతాడు: నడుము వంగితే వంగనీ, మొక్క ఏదో కలుపు ఏదో కంటికి ఆనాల.

అయిదు: దేశకాల విచారం. రాయలసీమ ఎండ వాద్యాన్ని ఓర్వదు. ఏప్రిల్లో కర్నూల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం షామియానా కింద గిటార్ పెడితే ఉక్కుతీగ వేడికి సాగి శ్రుతి దిగుతుంది. దుమ్ము పోయి మెడ చివర తీగలు ఆనే నట్టు గాట్లలో కూర్చుంటుంది. అప్పుడు కాడను బారుగా నొక్కి వదిలితే తీగ ఆ గాట్లో తట్టుకుని, వెనక్కి పూర్తిగా రాదు, పాట సగంలో అపశ్రుతి. చిన్న కదలికకు ఈ ప్రమాదం తక్కువ. గాట్లలో పెన్సిల్ ములికి నల్లపొడి రుద్దితే ఇంకా తక్కువ. ఇక ఇరుకు వేదిక మీద పొడుగు కాడ పక్కనున్న కీబోర్డు అతని చొక్కా జేబులో దూరడం ప్రత్యక్ష ప్రమాణం, దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పూర్వపక్షం, సిద్ధాంతం

“కంపెనీవాడు అంత పొడుగు పెట్టినాడంటే తెలీక పెట్టినాడా సామీ?” అని ఒక ఆక్షేపణ. సమాధానం: కంపెనీవాడు అందరి చేతులకూ కలిపి ఒక్క కాడ చేస్తాడు. పొడుగుదాన్ని పొట్టి చేసుకోవచ్చు, పొట్టిదాన్ని పొడుగు చెయ్యలేం గనుక పొడుగే పంపుతాడు. అది వ్యాపార ధర్మం.

“పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌కు కాడ లేకుండానే గమకాలన్నీ పలికినాయి గదా, ఇంక ఈ ఇనుము ఎందుకు?” అని రెండో ఆక్షేపణ. ఇది బరువైనది. శ్రీనివాస్ ఎనిమిది తీగల మాండొలిన్‌ను అయిదు తీగల విద్యుద్వాద్యంగా మార్చుకుని ఎడమచేతి వేళ్లతోనే స్వరాన్ని లొంగదీశాడు. వీణ మీదా అంతే: తీగను పక్కకు లాగితే శ్రుతి పెరుగుతుంది. కాని ఆ పద్ధతిలో నొక్కని తీగ వణకదు, మీటిన స్వరం తన చోటు నుంచి కిందికి దిగదు, ఆరు తీగల స్వరగుచ్ఛం మొత్తం ఒకే తూకంలో ఊగదు. ఈ మూడూ కాడ వల్లే సాధ్యం. అందువల్ల కాడ ఎడమచేతికి పోటీ కాదు, దానికి చేతకాని చోట తోడు. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో చెప్పిన పదిహేను గమకాల్లో కంపితం, దానికంటే నిదానమైన ఆందోళితం, స్వరం కిందికి వంగే నామితం కురుచ కాడకు సహజంగా వస్తాయి. మిగతావి ఎడమచేతి సొత్తే.

“పెద్ద హోరుతో శ్రుతిని పాతాళానికి దింపే విన్యాసం పొట్టి కాడతో అవుతుందా?” అని మూడోది. అవుతుంది గాని మణికట్టు నొప్పి పుడుతుంది. ఆ విన్యాసానికి తీగల్ని రెండు చివరలా బిగించి తాళం వేసే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి, పొడుగు కాడ తగినవి. అది వీరరసం. మన పద్యంలో అంగిరసం శాంతం. రాత్రి పదికి పోలీసులొచ్చి మైకు కట్టేయమనేలోగా రెండు మెలోడీ పాటలు నిండుగా వాయించుకోవాలనుకునేవాడికి శాంతమే మేలు.

ఛందోలంకారాలు

ఇది ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలపై రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలు. పాదానికి పాదం పొడుగూ పొట్టీ కావడం వస్తువుకు తగిందే. కా-గ, తీ-తీ, బ-ప, వే-వీ యతులు. మూడో పాదంలో ‘హెచ్చు, పట్టిన’ అని ద్విత్వాలు పడి నాలుక కష్టపడుతుంది, నాలుగో పాదంలో ఒక్క ద్విత్వమైనా లేక జారిపోతుంది. నొక్కేటప్పటి బిగువూ, వదిలాక వచ్చే వణుకూ ఇందులో వినబడతాయని రసజ్ఞులు అంటారు. రసజ్ఞులనగా ఇక్కడ మూలకవి. ఉన్నదున్నట్టు చెప్పడం వల్ల అలంకారం స్వభావోక్తి.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవాడు బజారుకెళ్లి కొత్త కాడ కొనడు, ఉన్నదాన్నే పొట్టి చేసుకుంటాడు. ఎందుకంటే అమెరికాలో చేసిన ఫెండర్‌కు 10-32 అనే అంగుళాల మర, ఆసియాలో చేసిన చాలా గిటార్లకు 6 మిల్లీమీటర్ల మర. ఒకదానిది ఇంకొకదాంట్లో బలవంతాన తిప్పితే బ్రిడ్జి దిమ్మలోని మరలు అరిగి, కాడ పొట్టో పొడుగో అన్న చర్చే మిగలదు.

కోసేవాడు లేత్ షాపులో కడప బండ మీద గోనెసంచి పరిచి, కాడను గిటార్ నుంచి ఊడదీసి, కొనమీది ప్లాస్టిక్ టోపీ లాగి, మర ఉన్న వైపు కాకుండా టోపీ ఉన్న వైపే ఆక్సా బ్లేడు పెట్టించుకుంటాడు. అంచు అరచేతిని గీరకుండా ఆకురాయి పట్టించి టోపీ మళ్లీ తొడుగుతాడు. నొక్కడం బరువనిపిస్తే సన్నపు తీగల సెట్టు వేసి, వెనక స్ప్రింగు ఒకటి తీసి, మిగిలినవాటిని బిగించి బ్రిడ్జిని సరిచేసుకుంటాడు. బరువు దిగుతుంది.

వీటన్నిటికంటే ముందు, కాడను ఎక్కడ కోయాలనుకున్నాడో అక్కడ ఇన్సులేషన్ టేపు చుట్టి, దాని అవతల చెయ్యి వేయకుండా కొన్ని కచేరీలు వాయిస్తాడు. చెయ్యి ఆ గుర్తు దగ్గర హాయిగా కుదిరితే కోయిస్తాడు. కుదరకపోతే టేపు పీకేసి ఈ టీకను పక్కన పెడతాడు. టీక తప్పైతే ఇంకొకడు ఇంకొకటి రాస్తాడు, కోసిన కాడ మాత్రం మొలవదు.