నన్ను పగలు లేపకండి

మాది ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ దీవి. టార్సియర్ అంటారు నన్ను. మా ఊళ్లవాళ్లకు మౌమాగ్‌ని. సమార్, లేటె, మిందనావో దీవుల్లోనూ మావాళ్లున్నారు. నిండా పెరిగినా నా బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. తోక మాత్రం ఒంటికంటే పొడుగు.

నన్ను చూసినవాళ్లందరూ ముందు నా కళ్ల గురించే మాట్లాడతారు. ఒక్కో కన్ను ఇంచుమించు నా మెదడంత ఉంటుంది. కనుగుడ్డు అటూ ఇటూ తిరగదు. అందుకే మెడ తిప్పుతాను, కూర్చున్నచోట కదలకుండా నా వెనక ఏముందో చూసేస్తాను. మీ శేషాచలం అడవుల్లో తిరిగే దేవాంగపిల్లి కళ్లు టార్చి వెలుగులో మెరుస్తాయి. నావి అలా మెరవవు. వెలుగును తిప్పికొట్టే పొర నాకు లేదు. మా పూర్వీకులు పగలు తిరిగేవారనీ, తర్వాత రాత్రికి మారామనీ శాస్త్రవేత్తలు అంటారు. ఆ పొర లేని లోటును ఇంతింత కళ్లే తీరుస్తున్నాయి.

చీకటి పడితే వేట. కోతుల వంశం మొత్తంలో ఆకూ పండూ ముట్టకుండా ప్రాణులనే తిని బతికేది మేమే. నిటారు కాండాన్ని పట్టుకుని చెవులు కదుపుతూ ఉంటాను. కింద ఎండుటాకు మీద మిడత కదులుతుంది. చీలమండ దగ్గరి పొడుగాటి ఎముకల బలంతో ఒక్క దూకు. పట్టే క్షణంలో కళ్లు గట్టిగా మూసుకుంటాను, దాని ముళ్లకాళ్లు గీరుకోకుండా. మెడ కొరికి, తల దగ్గర్నుంచి తినడం మొదలుపెడతాను.

చాలాకాలం మాకు నోరు లేదనే అనుకున్నారు. 2012లో వెలువడిన ఒక పరిశోధన మా గుట్టు బయటపెట్టింది: మా అరుపు 70 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మనిషి చెవి 20 దాటి వినలేదు. నేను ఆవులిస్తున్నానని మురిసి మీరు ఫొటో తీసుకునేటప్పుడు, నిజానికి కేక పెడుతుండవచ్చు.

నా భయమంతా పగటితోనే. అది నేను గుబురులో నిద్రపోయే వేళ. కొన్నిచోట్ల మావాళ్లను పట్టి తెచ్చి, వచ్చేపోయేవాళ్లకు అందేటట్టు కొమ్మల మీద కూర్చోబెట్టారు. చేతుల్లోకి తీసుకున్నారు, ముఖాన ఫ్లాష్ కొట్టారు. ఆ బెదురు మేం తట్టుకోలేం. బంధిస్తే ఎక్కువకాలం బతకం. పోయినవాళ్ల లోటు త్వరగా తీరదు కూడా: ఆరు నెలలు మోస్తే పుట్టేది ఒక్క పిల్ల. దాన్ని నోట కరుచుకుని తిరుగుతాను, వేటకు వెళ్తూ కొమ్మ మీద వదిలి వెళ్తాను.

1997లో అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ మమ్మల్ని ప్రత్యేక రక్షణ ఉన్న జీవిగా ప్రకటించారు. 2010లో వచ్చిన 200 పెసోల నోటు మీద నా బొమ్మ కూడా వేశారు. ఆ గౌరవం నిజమైనదే. కానీ నాకు కావలసింది గుబురైన అడవి, అందులో పురుగూ పుట్రా. ఆ అడవిని నరికి కాల్చి పొలం చేసేస్తే ఏ ప్రకటనా నన్ను కాపాడలేదు.

బొహోల్ వస్తే కొరెల్లాలోని మా అభయారణ్యానికి రండి. గైడు వెనకే నడవండి, గొంతు తగ్గించండి, ఫ్లాష్ ఆపేయండి. నన్ను చేతిలో పెట్టి ఫొటో తీయిస్తామనే చోట మాత్రం ఒక్క పెసో కూడా ఇవ్వకండి.