ఒకపూట రైతుగారు

మొత్తానికి రైతు అయిపోవడం తేలికేనండి. దిండి–చించినాడ వంతెన దాటొచ్చి, డబ్బు కట్టి, తలకి తువ్వాలు చుట్టుకుంటే చాలు, మధ్యాహ్నం భోజనాల వేళకి రైతే. రాజోలు దీవిలో ఇప్పుడు ఎవరి నోట విన్నా ఈ ‘ఒకరోజు రైతు’ ప్యాకేజీ మాటే. కొబ్బరితోటలో నాలుగు వంగ మడులున్న ప్రతివాడూ బోర్డు రాయిస్తున్నాడు. రాష్ట్ర 2024–29 పర్యాటక విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. వ్యవసాయానికి పర్యాటకం హోదా ఇచ్చేస్తే ఇంకా బాగుండేది, కనీసం ఎవరన్నా వచ్చి చూసిపోయేవారు.

కార్యక్రమంలో మొదటి అంశం, ఉదయం తొమ్మిదిన్నరకి ‘పొలం పని’. తొమ్మిదిన్నరకి మా లంకల్లో కోత ముగిసి, సరుకు బస్తాలకెక్కి తాటిపాక సెంటర్ చేరిపోతుంది. అందుకని అతిథుల కోసం ఒక బెండ సాలు కోయకుండా అట్టేపెడుతున్నారు. బెండ రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరి పీచు కడుతుంది. వీళ్లొచ్చేసరికి కాయ జానెడవుతుంది. “అబ్బ, ఎంత పెద్దవో!” అని ఫొటోలు. ఆ కాయని గేదె తప్ప ఇంకెవరూ ముట్టరు.

బెండ నూగు వంటికి తగిలితే సాయంత్రం దాకా దురదే. అందుకే కోతకి వెళ్లే ఆడవాళ్లు మొగుడి పాత చొక్కా పొడుగు చేతులది వేసుకుని, వేళ్లకి గుడ్డపేలికలు చుట్టుకుని దిగుతారు. అతిథులకి మాత్రం తెల్లటి గ్లౌజులు ఇచ్చారు. వాళ్లకి కోత నేర్పడానికి పెట్టిన కూలామెకి ఇవ్వలేదు.

“తొడిమ దగ్గర విరవండి బాబుగారూ, చెట్టు లాగేయకండి.”

“ఆంటీ, వీడియో వస్తోంది, కొంచెం నవ్వండి.”

బురదస్నానానికి వేరే రేటు. ఎద్దులబండి అద్దెకి తెచ్చారు.

ఇదంతా సరదా అని సరిపెట్టుకుందును. కానీ ఆ సర్టిఫికెట్టుంది చూశారూ, అది మింగుడుపడలేదు నాకు. సాయంత్రం టీతో, పూతరేకుతో పాటు చేతికిస్తారు. దళసరి అట్ట, అంచు చుట్టూ కొబ్బరాకులు, మధ్యలో బంగారు అక్షరాలతో ‘వీరు కోనసీమ రైతు’. పేరులో పొల్లు తప్పితే అక్కడికక్కడే మళ్లీ ప్రింటు తీస్తారు. పిల్లలకి చిన్న సైజు. ఒకాయన తన కుక్కపిల్లకీ కావాలన్నాడట, ఇచ్చారట. దాని పేరు కూడా తప్పు లేకుండా రాశారట!

ఎవరి సంతకమూ అడగలేదు. సర్వే నంబరు అడగలేదు. పొలం ఎవరిదీ అని అడగలేదు. నిలబడ్డచోటే రైతుని చేసి పంపారు.

గట్టు అవతల వంగతోట వేసిన మనిషి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. కౌలు రైతు. కౌలు ముందే కట్టేశాడు. మొవ్వు తొలిచే పురుగు పట్టిన కొమ్మలు వంగి వంగి తుంచుకుంటున్నాడు. అతను రైతు అని చెప్పే కాగితం ముక్క అతని చేతిలో లేదు. 2011లో చేసిన చట్టంలో యజమాని ఒప్పుకోలు లేకపోయినా కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. దాన్ని తీసేసి 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పేరులో ‘హక్కులు’ పెట్టారు, కార్డుకి భూయజమాని సంతకం తప్పనిసరి చేశారు. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. సంతకం పెడితే పొలం పోతుందని భయం. పెట్టడు.

కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం, బయట వడ్డీకి తెస్తాడు. కేంద్రం ఏటా ఇచ్చే 6,000 రూపాయలు పాసుపుస్తకం ఉన్నవాడికే. 2022 జూలైలో గోదావరి లంకల మీద నుంచి పారి పాదులూ పందిళ్లూ ఊడ్చుకుపోతే పోయింది కౌలుదారు పెట్టుబడి, రికార్డులో ఉన్నది యజమాని పేరు. పురుగుమందు వాసన వంటినిండా ఉన్నవాణ్ణి పట్టుకుని నువ్వు రైతువని రుజువేదిరా అని అడగడానికి సిగ్గుండాలి. అడిగేవాళ్లకీ లేదు, ఆ చట్టం రాసినవాళ్లకీ లేదు.

ఇంకా వినండి. ఆ వంగతోట యజమాని మొన్న సంక్రాంతికి పెళ్లాంపిల్లలతో దిగాడు. సంతకం సంగతి అడుగుదామని కౌలుదారు ఇంటికెళ్తే, “పండగపూట అవన్నీ ఎందుకు” అన్నాడట. మర్నాడు ఇదే ప్యాకేజీలో చేరి, గ్లౌజులు తొడుక్కుని నాలుగు బెండకాయలు కోసి, సర్టిఫికెట్టు పుచ్చుకుని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కింద ‘రైతుబిడ్డనైనందుకు గర్విస్తున్నాను’ అని రాసుకున్నాడు. నాకూ చూపించారు. లైకు కొట్టలేదు.

అయ్యా రైతుబిడ్డగారూ, మళ్లీ పండక్కి వస్తారు కదా. సర్టిఫికెట్టు పుచ్చుకున్న చేత్తోనే ఆ కౌలు కాగితం మీద ఒక్క సంతకం గీకి వెళ్లండి. దాని గడువు 11 నెలలే. యజమాని హక్కుకి ఏ భంగమూ ఉండదని ఆ చట్టంలోనే రాసి ఉంది.