పచ్చటి చిన్నిల్లు

తెలుగులో 'చిన్నిల్లు' అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్దిల్లు ఉన్నవాడికే చిన్నిల్లు ఉంటుంది. అది వదలడు, ఇది మానడు. ఇప్పుడా చిన్నిల్లు పచ్చ చీర కట్టుకుని వచ్చింది. పేరు 'టైనీ హోమ్'. కరెంటు తీగ వద్దట. కుళాయి వద్దట. ప్రకృతి ఒడిలో సాదాసీదా బతుకట. వింటేనే కడుపు నిండిపోవడం లేదూ?

మొన్నో ఆదివారం ఆ దర్శనభాగ్యం నాకూ దక్కింది. పిలిచినాయనకు జూబ్లీహిల్స్‌లో మూడంతస్తుల మేడ. మొయినాబాద్ దాటాక అరెకరం. అందులో మూడొందల చదరపు అడుగుల కుటీరం. మట్టి గోడలు, పెంకుల కప్పు, గుమ్మానికి మామిడాకులు. మొగుడూ పెళ్లాం రావడానికి రెండు కార్లు. ఒకటి వాళ్లకు, ఒకటి కుక్కకు. నిరాడంబరత అంటే అదీ!

"గ్రిడ్‌తో మాకు పనే లేదండీ. అంతా సూర్యభగవానుడి దయ" అన్నాడాయన. లోపల ఒకటిన్నర టన్నుల ఏసీ గుర్రుపెడుతోంది. మనకేమో లెక్కల పిచ్చి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండా నింపితే దాచేది 1.8 యూనిట్లు. ఆ ఏసీ గంటకు మింగేది సుమారు ఒకటిన్నర. అంటే ఒక్కో బ్యాటరీ గంటా గంటన్నరకే కాళ్లు బార్లా చాపేస్తుంది. మరి రాత్రంతా ఎలా? జవాబు వెదురు పొదల వెనక నుంచి వినిపించింది. డబ్ డబ్ డబ్... డీజిల్ జనరేటర్! భగవానుడు డ్యూటీ దిగాక ఇన్‌చార్జి ఆయనే.

మరి నీళ్లు? 'వాన నీటిని ఒడిసిపడదాం' అని బోర్డు పెట్టారు. ఆ బోర్డుకే ట్యాంకర్ పైపు చుట్టారు.

గేటు పక్కన రేకుల గది. పది అడుగులకు పది అడుగులు. కాపలా మనిషి, భార్య, ఇద్దరు పిల్లలు. ఒక బల్బు, ఒక ఫ్యాను, బయట కట్టెల పొయ్యి. "మీ సారు ఎంత చిన్నింట్లో ఉంటున్నాడో చూశావా?" అన్నాను. "మాది ఇంకా చిన్నది గద సార్. ఎవ్వరు ఫొటో తియ్యరు" అన్నాడు. నా నోట మాట పడిపోయింది.

ఇంతకీ ప్రకృతిని కాపాడే ఈ కుటీరాలు మొలుస్తున్నది ఎక్కడ? 1908లో మూసీ హైదరాబాద్‌ను ముంచాక ఉస్మాన్‌సాగర్ అనే గండిపేట చెరువు, హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ జలాశయాలు కలుషితం కాకూడదని 1996లో 111 జీవో తెచ్చి, మొయినాబాద్ వైపు ఊళ్లతో సహా 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేశారు. ఆ కళ్లేన్నే తీసేస్తామని 2023లో మంత్రివర్గం తీర్మానించింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడంటారు. గండిపేట నీళ్లకే ఎసరు పెట్టేవాణ్ణి ఏమనాలి? పర్యావరణ ప్రేమికుడనా?

ఏలినవారికీ చిన్న ఇళ్లంటే మహా ఇష్టం. అయితే అవి మనకు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు సెంటు, పల్లెల్లో సెంటున్నర అన్నారు. సెంటంటే 48.4 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. పేదవాడికి స్థలం ఇచ్చారా, సెంటు వాసన చూపించారా? అదే ప్రభుత్వం విశాఖలో రుషికొండకు గుండు కొట్టి, వందల కోట్లతో భవనాలు లేపింది. పర్యాటకం కోసమట! వాళ్లను తిట్టిపోసినవాళ్లు 2024 ఎన్నికల్లో రెండు సెంట్లు, మూడు సెంట్లు అన్నారు. పాట పెరుగుతోంది. ఇల్లెప్పుడో? తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇంటికి 560 చదరపు అడుగులని కొలత వేశారు. ఎదురుచూపుకు మాత్రం కొలత వేయలేదు. ఆ కొలత వేసిన ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్‌కైతే ఎదురుచూపులు లేవు. 2016లోనే గృహప్రవేశం!

ఇక సూర్యుడి సంగతి. 2024లో కేంద్రం పీఎం సూర్యఘర్ తెచ్చింది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. మంచిదే. కాకపోతే పలకలు పెట్టుకోవడానికి సొంత కప్పుండాలి. అద్దె రేకుల కింద మాడేవాడికి ఎండ ఒక్కటే ఉచితం.

అసలైన ఆఫ్‌గ్రిడ్ బతుకు చూడాలనుందా? అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలెక్కండి. దారి లేని గూడేలున్నాయి. నొప్పులొస్తున్న ఆడమనిషిని ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు. తాగేది ఊట నీళ్లు. పొగ కాలుష్యం బొత్తిగా లేదు. ఎలా ఉంటుంది, అంబులెన్స్ వస్తేగా! ఒకే బతుకు. కొండమీద అయితే వెనకబాటుతనం. మొయినాబాద్‌లో అయితే జీవనశైలి. తేడా ఎక్కడుంది? వద్దనుకుంటే వెనక్కి వెళ్లడానికి మేడ ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

నిజంగానే ఉన్నదంతా వదులుకుని, రెండు దీపాలతో, నాలుగు బిందెలతో బతికేవాళ్లు లేకపోలేదు. వాళ్లకు దండం. వాళ్లెవరూ డ్రోన్‌తో గృహప్రవేశం తీయించుకోరు.

మిగతా మహాశయులకు ఒకే మనవి. సాదా బతుకు మీద అంత మోజుంటే జూబ్లీహిల్స్ మేడ అమ్మేయండి. ఆ క్షణం నుంచి మీది చిన్నిల్లు కాదు, ఇల్లు.

అమ్మరా? అయితే కొత్త పేర్లెందుకండీ? మీ వ్యవహారానికి తెలుగులో పాత పేరే ఉందిగా!