గ్రహాల ఫొటోలు చెడగొట్టు విధానము

ఇంటి డాబా మీది టెలిస్కోప్‌తో చంద్రుణ్ని, గ్రహాలను ఫొటో తీసి మసక మచ్చను సాధించడం పైకి కనిపించినంత తేలిక కాదు. పరికరం కొనడం మొదలు కంప్యూటర్‌లో చివరి మెరుగుల దాకా ప్రతి మెట్టు మీదా మంచి ఫొటో వచ్చేసే ప్రమాదం పొంచి ఉంటుంది. సాధకుడు ఆ ప్రమాదాన్ని వరసగా తప్పించుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసింది పెట్టె మీది అంకె ఒక్కటే. 76 మిల్లీమీటర్ల అద్దానికి 525 రెట్లు పెంచి చూపే శక్తి ఉందని రాసి ఉంటే మారుమాట లేకుండా డబ్బు కట్టేయాలి. అద్దం వ్యాసంలో మిల్లీమీటరుకు రెండు రెట్లు మించితే బొమ్మ ఉబ్బుతుందే తప్ప కొత్త వివరం కనిపించదు. ఆ లెక్కన హద్దు సుమారు 150. మిగిలిన 375 రెట్లూ డబ్బు పోసి కొన్న మసక కాబట్టి వదులుకోకూడదు. స్టాండుకు మూడు కాళ్లుంటే చాలు, అవి గాలికి వణికితే మరీ మంచిది.

స్థలం డాబాయే. ఎండాకాలమైతే పొద్దు గూకగానే మొదలుపెట్టాలి. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటుంది. ఆ గాలి పొరల్లోంచి వచ్చే గురుగ్రహం పారే నీటి అడుగున పడిన రూపాయి బిళ్లలా కదులుతుంది. పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదుగా చూసే వీలుంటే అంతకంటే అదృష్టం లేదు. గ్రహం నడినెత్తికి వచ్చేదాకా ఆగితే దాని వెలుగు దాటవలసిన గాలి తగ్గిపోతుంది కనుక, పిట్టగోడ అంచున ఉండగానే పని ముగించాలి.

టెలిస్కోప్‌ను వాడబోయే ముందు బయటపెట్టి చల్లారనివ్వాలని చలిదేశాల పుస్తకాలు చెబుతాయి. కాకినాడలో ఏసీ గదిలోంచి డాబా మీదికి తెచ్చిన అద్దం విషయంలో జరగాల్సింది దీనికి తలకిందులు: అది వెచ్చబడాలి. అందుకు అరగంటో గంటో ఓపిక పడితే పని చెడిపోతుంది. వెంటనే మూత తీస్తే సముద్రపు తేమంతా అద్దం మీద మంచులా పడుతుంది. దాన్ని లుంగీ అంచుతో గట్టిగా తుడవడం వల్ల కలిగే ఫలితం శాశ్వతం.

రాత్రిని ఎంచుకోవడంలో కవిహృదయం అక్కరకొస్తుంది. వాన వెలిసి, చుక్కలు మిలమిలా మిణుకుతున్న రాత్రి శ్రేష్ఠం, ఎందుకంటే ఆ మిణుకంతా పైగాలి అల్లకల్లోలం. గాలి ఆడక, ఆకాశం కాస్త మసకబారినట్టుండే శీతాకాలపు రాత్రుల్లో గ్రహాలు తరచు నిలకడగా కనిపిస్తాయి. అలాంటప్పుడు దుప్పటి కప్పుకుని పడుకోవడం ఉత్తమం.

చంద్రుణ్ని పౌర్ణమి నాడే తీయాలి. అప్పుడు సూర్యకాంతి ఎదురుగా పడుతుంది గనుక కొండలకూ గోతులకూ నీడలుండవు, బింబమంతా సున్నం కొట్టిన గోడవుతుంది. లోతు తెలిసేది వెలుగు చీకట్ల సరిహద్దు దగ్గరే. శుక్ల పంచమి ప్రాంతంలో అది థియోఫిలస్ బిలం మీదికి, నవమి దశముల్లో 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ మీదికి వస్తుంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడమే కాబట్టి, ఏ రాత్రి ఏ బిలం దగ్గర తెల్లవారుతుందో గోడకు వేలాడే పంచాంగం చూసి చెప్పవచ్చు. అందుకే ఆ పంచాంగాన్ని ముహూర్తాలకు మాత్రమే వాడాలి.

ఫోన్‌ను ఐపీస్‌కు చేత్తోనే పట్టుకోవాలి. బిగించే క్లాంపు చవగ్గా దొరుకుతుంది, దాని జోలికి పోరాదు. ఎక్స్‌పోజర్ ఆటోలో ఉండాలి. చంద్రుడు పట్టపగటి ఎండలో ఉన్న రాతి నేల అని ఫోన్‌కు తెలియదు, చుట్టూ ఉన్న చీకటిని చూసి జాలిపడి వెలుగు పెంచుతుంది. 1840లో న్యూయార్క్‌లో జాన్ విలియం డ్రేపర్ చంద్రుణ్ని రాగిరేకు మీదికి ఎక్కించడానికి సుమారు 20 నిమిషాలు వెలుగు పట్టవలసి వచ్చింది. ఇప్పుడు తెల్లబిళ్ల రెప్పపాటులో వస్తుంది.

గ్రహాల దగ్గర అసలు సులువు వాటి చిన్నతనంలోనే ఉంది. ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు 1,800 ఆర్క్ సెకన్లు. గురుగ్రహం ఎంత దగ్గరికొచ్చినా 50. 2003 ఆగస్టులో, వేల ఏళ్లలో ఎన్నడూ లేనంత దగ్గరికొచ్చిన అంగారకుడు 25. అయినా ఆ గ్రహం చంద్రుడంత కనిపిస్తుందంటూ ఆగస్టులో వాట్సాప్‌లో తిరిగే సందేశాన్ని నమ్మి, బంధువులందరినీ డాబా మీదికి పిలవడం మంచి సంప్రదాయం.

ఒకే ఒక్క ఫొటో తీసి ఆగిపోవాలి. తెలిసినవాళ్లు వీడియో తీస్తారు. వేల ఫ్రేముల్లో గాలి ఒక్క క్షణం కుదుటపడ్డప్పటివి కొన్నే ఉంటాయి, ఆటోస్టాకర్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని ఏరి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. వీడియో తప్పనిసరైతే అరగంట తీయడం మేలు. గురుగ్రహం పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతుంది. రెండు మూడు నిమిషాలు దాటాక పేర్చిన బొమ్మలో దాని మచ్చలు అలుక్కుపోవడం మొదలవుతుంది, అరగంటకు ఏ మచ్చ ఎక్కడిదో ఎవరూ అడగలేరు. మోటారు లేని స్టాండయితే భూభ్రమణం కూడా చెయ్యేస్తుంది. సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున గ్రహం ఫ్రేము దాటిపోయి, ఎక్కువ భాగం ఖాళీ ఆకాశమే మిగులుతుంది.

చివరిది పదును పెట్టడం. స్లయిడర్ ఉన్నదే చివరిదాకా లాగడానికి. గురుగ్రహం అంచుకు తెల్లని గాజు వస్తుంది, చంద్రుడి మైదానాల్లో మొటిమలు లేస్తాయి. 2025లో శని తన వలయాల అంచును మాత్రమే చూపించి వాటిని సన్నగీతగా మార్చేసిన రోజుల్లోనూ, గోళం చుట్టూ కొత్త వలయాలు సృష్టించిన ఘనత ఈ స్లయిడర్‌కే దక్కుతుంది. రంగులు సహజంగా ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఫొటోను బయటపెట్టేటప్పుడు తేదీ, సమయం రాయకూడదు. రాస్తే గురుగ్రహం పక్కనున్న చుక్క దాని ఉపగ్రహం యూరోపానో, సెన్సర్ మీది దుమ్మో ఎవరో ఒకరు లెక్కకట్టి తేల్చేస్తారు.