ఇచ్చట గ్యాసు కొట్టబడును

బెజవాడలో ఎండలు ముదిరాయని తెలియడానికి పేపరు చూడక్కర్లేదు. రోడ్డు పక్కన చెట్టు కింద ఓ లేత నీలం సిలిండరు, ఎరుపొకటి నీలమొకటి రెండు మీటర్లు, అట్టముక్క మీద ‘ఇచ్చట కారు ఏసీ గ్యాసు కొట్టబడును’ అన్న రాత కనిపిస్తే చాలు. గ్యాసు కొట్టడమంటే మన వాడుకలో ఇంకో అర్థం కూడా ఉందని ఆ బోర్డు రాసినతనికి తెలుసో లేదో. బోర్డు మాత్రం నిజాయితీగానే ఉంది.

ఆ చెట్టుతో మా కారుకి మూడేళ్ల సంబంధం. ఉగాది పచ్చడి తిన్న వారానికల్లా అక్కడికి వెళ్తాం. అతను బానెట్ ఎత్తక ముందే, అద్దంలోంచి లోపలికి చెయ్యి పెట్టి గాలి చూసి, నాడి పట్టిన వైద్యుడిలా తేల్చేస్తాడు: “గ్యాస్ అయిపోయింది సార్.” తర్వాత పాత గ్యాసుని గాల్లోకి వదిలిన ‘తుస్సు’, కొత్తది ఎక్కుతున్న ‘బుస్సు’, పది నిమిషాల్లో పద్దెనిమిది వందలు. ఎంత పట్టిందంటే “ఫుల్ కొట్టా సార్” అంటాడు. పెట్రోలు బంకులో మీటరు సున్నా నుంచి మొదలైందా లేదా అని మెడ సాచి చూసే నాకు, ఇక్కడ గ్రాములెన్నో అడగాలని ఒక్కసారీ తోచలేదు. అయిపోయిన గ్యాసు తుస్సుమని అంతసేపు ఎలా వచ్చిందనీ తోచలేదు.

చిక్కంతా ఆ ‘అయిపోయింది’ అన్న మాటలోనే ఉంది. పెట్రోలు అయిపోతుంది. వంటింట్లో సిలిండరు అయిపోతుంది. ఇరవయ్యో తారీకుకి జీతం అయిపోతుంది. కారు ఏసీలో గ్యాసు ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన గొట్టాల్లో గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది: కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, బంపరు వెనకున్న కండెన్సర్‌లో అది వేడి వదిలి ద్రవమవుతుంది, డ్యాష్‌బోర్డు వెనక మళ్లీ ఆవిరై మన వేడిని పట్టుకుపోతుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కాస్తకాస్తా పోయే మాట నిజమే. కానీ ఏటేటా ఖాళీ అవుతోందంటే ఎక్కడో చిల్లుండాలి. చిల్లు వెతికితే అతనికి ఒక్క బేరం, గ్యాసు కొడితే ఏటా బేరం. అతని లెక్క అర్థమైంది. మరి నా లెక్కేమిటి? వీధిలో పైపు పగిలితే పైపు సంగతి వదిలేసి రోజూ ట్యాంకరు తెప్పించుకునే జాతి నాది, అంతే.

ఆ తుస్సు ఖరీదు కూడా చెప్పాలి. కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ ఓజోన్ పొరకి చిల్లు పెట్టదని, పాత ఆర్-12 బదులు తెచ్చుకున్నాం. అయితే భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు గాలికి దాదాపు 1,430 రెట్లు. మా కారులో పట్టే 420 గ్రాములు గాల్లో కలిస్తే, ఇంచుమించు 260 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. అంటే నేను చల్లబడ్డానికి చెట్టు కింద ఊరిని వేడి చేయించి, పైన డబ్బులిచ్చి వచ్చేవాణ్ని.

ఈ ఏడు కొట్టించిన నెలకే మళ్లీ వేడి గాలి. అప్పుడే శాక్రమెంటో నుంచి మా మేనల్లుడి ఫోను. అక్కడి వేసవీ తక్కువది కాదు. “మావయ్యా, గ్యాసుకి షాపుకెళ్లడమేంటి? సూపర్‌మార్కెట్లో డబ్బా దొరుకుతుంది, నేనే కొట్టేసుకుంటా” అన్నాడు. పన్నెండు ఔన్సుల డబ్బా, దానికో గొట్టం, గొట్టానికో గేజి. కాలిఫోర్నియాలో డబ్బాకి పది డాలర్లు డిపాజిట్ కట్టాలట, ఖాళీ డబ్బా తిరిగిస్తే వెనక్కిస్తారట. గోలీసోడా సీసా అంత దూరం వెళ్లిందన్నమాట. అమెరికా చట్టంలో ఇంకో ముచ్చట ఉంది. డబ్బు తీసుకుని కారు ఏసీ బాగుచేసే మెకానిక్‌కి సర్టిఫికెట్ ఉండాలి. సొంత కారుకి సొంతంగా కొట్టుకునేవాడికి ఏ కాగితమూ అక్కర్లేదు, రెండు పౌండ్ల లోపు డబ్బా చేతిలో పెట్టి పంపిస్తారు. పని తెలిసినవాడికి పరీక్ష, తెలియనివాడికి స్వేచ్ఛ. 2018 నుంచి ఆ డబ్బా మూతి దానంతటదే మూసుకునేలా ఉండాలన్నారు కాబట్టి, జాగ్రత్తంతా డబ్బాకే అప్పజెప్పారనుకోవాలి.

నేనూ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆఫరుందని రెండు డబ్బాలు.

ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ముహూర్తం. బయట నలభై మూడు డిగ్రీలు. వాచ్‌మన్ టార్చి పట్టాడు. రెండో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరు గారు చేతులు వెనక కట్టుకుని పర్యవేక్షణకి దిగారు. ఆయన చేసింది నీటిపారుదల శాఖలో. ఏసీ కూడా పైపులే కదా అన్నది ఆయన ధీమా. ముందు గొట్టాన్ని ఎక్కువ ప్రెషరుండే వైపు తగిలించబోయాను. పట్టలేదు. రెండు మూతుల కొలతలూ కావాలనే వేరుగా పెట్టారట, నాలాంటివాళ్లు పుడతారని ముందే తెలిసి. తక్కువ ప్రెషరు వైపు తగిలిస్తే గేజి ముల్లు లేచింది. ఆకుపచ్చలోకి వచ్చి, ఎర్రలోకి ఎగిరి, మళ్లీ పచ్చలోకి దూకి, టికెట్ రాని నాయకుడిలా ఒక్కచోట నిలవలేదు. “పచ్చలో ఉన్నప్పుడే చూడండి, ఎర్రలో ఉన్నప్పుడు చూడకండి, ఇంకాస్త కొట్టండి” అన్నారు ఇంజనీరు గారు. కొట్టాను. డబ్బా చేతిలో మంచుముద్దయింది. గొట్టం ఊడదీస్తుంటే ఒక్క చిమ్ము బొటనవేలి మీద పడింది. ఆ ద్రవం మరిగేది సున్నాకి ఇరవయ్యారు డిగ్రీల కింద. మే నెల మిట్టమధ్యాహ్నం బెజవాడలో చలికి చెయ్యి కాలినవాణ్ని బహుశా నేనొక్కణ్నే. మా ఆవిడ పైనుంచి దిగొచ్చి చూసి, “పాలగిన్నె దించాలంటేనే మసిగుడ్డ వెతుక్కుంటాం కదండీ, మీకెందుకొచ్చిన ధైర్యం!” అని వేలికి నీళ్లు పోసింది.

కారు మాత్రం మునుపటి కంటే వేడిగా ఊదింది.

సోమవారం ఆటోనగర్. అక్కడ ఒక ముసలి మెకానిక్ ఏ మీటరూ తగిలించకుండా ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: “సిగ్నల్ దగ్గర వేడా, రోడ్డు మీద కూడానా?” ఆలోచిస్తే, రోడ్డు మీద పరిగెడుతుంటే చల్లగానే ఉంటోంది. బెంజి సర్కిల్లో ఆగితేనే కుంపటి. ఆయన బానెట్ ఎత్తి, ఏసీ వేయించి, కండెన్సర్ ముందు ఫ్యాను వైపు గడ్డంతో చూపించాడు. తిరగడం లేదు. కారు పరిగెడితే ఎదురుగాలి ఆ పని చేసిపెడుతోంది, ఆగితే గ్యాసుకి వేడి దించుకునే దారి లేదు. రిలే పోయింది. రెండొందల యాభై రూపాయలు.

“మరి గ్యాసు, బాబాయ్?” అన్నాను, కొట్టిన సంగతి చెప్పకుండా. ఆయన నా బొటనవేలి బొబ్బ వైపు ఓసారి చూసి మిషను తగిలించాడు. లోపలున్నదంతా తూకం వేసి లాగే మిషను అది. అంకె 420 దాటింది. 500 దాటింది. 690 దగ్గర ఆగింది. బానెట్ లోపలి స్టిక్కరు మీద ఎంత గ్యాసు పట్టాలో గ్రాములతో సహా అచ్చేసి ఉందట. ఆరేళ్లుగా ఆ కారు నాదే.

“ఎక్కువైనా చల్లబడదు సార్, కంప్రెసర్ మీద బరువు” అన్నాడు. తర్వాత అరగంట పాటు వాక్యూమ్ పంపు నడిపాడు. లోపల గాలి, తేమ ఉంటే ఆయిలు పాడై గొట్టాల్ని తినేస్తుందట. పీడనం అంత కిందికి లాగితే నీళ్లు పొయ్యి లేకుండానే మరిగి ఆవిరై పోతాయట. చెట్టు కింద మూడేళ్లలో ఈ అరగంట ఎప్పుడూ లేదు. చివరికి 420 కొలిచి పోశాడు. గ్యాసు తీయించుకున్నందుకు డబ్బు కట్టడం జీవితంలో అదే మొదలు.

ఇదంతా మేనల్లుడికి చెబితే కాసేపు మాట్లాడలేదు. వాడి కారులో నిజంగానే చిల్లుందట. మూడు వేసవులుగా చిల్లు మూసే జిగురు కలిపిన డబ్బాలు కొడుతున్నాడట. ఇప్పుడు షాపుకి తీసుకెళ్తే, “ఆ జిగురు మా మిషన్లోకొస్తే మిషను పోతుంది” అని ముట్టుకోనన్నారట. “ఏం చేస్తావురా మరి?” అంటే, “ఈ ఎండాకాలానికి ఇంకో డబ్బా కొట్టేస్తా మావయ్యా” అన్నాడు.

నిన్న సాయంత్రం ఇంజనీరు గారు తలుపు తట్టారు. “ఆ రెండో డబ్బా ఉందా మాస్టారూ? మా కారు కూడా చల్లబడ్డం లేదు.”

ఇప్పుడు నాకూ విద్య వచ్చింది కదా, గడ్డం నిమురుకుంటూ అడిగాను: “సిగ్నల్ దగ్గరా, రోడ్డు మీద కూడానా?”

“అవన్నీ ఎందుకండీ? గ్యాస్ అయిపోయింది, నాకు తెలుసు.”

డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను. దాంతోపాటు మసిగుడ్డ కూడా.