నలభై ఆంపియర్ల భక్తి

హిందూపురం తూముకుంట పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ మౌల్డింగ్ మిషన్ మొరాయిస్తే ముద్దాయి ఎవరో ప్యానెల్ తలుపు తీయకముందే తేలిపోతుంది. "ఎస్‌ఎస్‌ఆర్ కాలిపోయింది సార్!" మిషన్‌ను నడిపే కంట్రోలర్ పీఎల్‌సీ నుంచి చిన్న సిగ్నల్ రాగానే హీటర్‌కి కరెంటు వదిలే ఆ అరచేతి డబ్బీకి, అంటే సాలిడ్ స్టేట్ రిలేకి, వకీలు లేడు. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి రెండు తెప్పిస్తారు. ఒకటి బిగిస్తారు, రెండోది సొరుగులో పెడతారు. మొదటిది కూడా పోతుందన్న నమ్మకం అంత గట్టిది!

నేర నిరూపణ చూడముచ్చటగా ఉంటుంది. హీటర్ వైర్లు ఊడదీసి, సిగ్నల్ ఆపి, ఖాళీ టెర్మినల్ మీద టెస్టర్ ఆనిస్తారు. వెలుగుతుంది. "చూశారా, షార్ట్!" మంచి డబ్బీ చెత్తబుట్టలో పడుతుంది. ఆఫ్‌లో ఉన్నా లోపలి స్నబ్బర్ అనే రక్షణ సర్క్యూట్ గుండా కొన్ని మిల్లీఆంపియర్లు కారడం దాని పుట్టుక లక్షణం. టెస్టర్ వెలగడానికి అంత కూడా అక్కర్లేదు. లోడ్ లేకుండా చూస్తే మీటరు కూడా 230 వోల్టులకు దగ్గర్లో చూపిస్తుంది. వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బు తగిలించి చూస్తే నిమిషంలో తేలే సంగతి ఇది. ఎల్‌ఈడీ బల్బు మాత్రం తేకండి, కారే కరెంటుకే మిణుకుమని ఇంకో డబ్బీని బలి చేస్తుంది.

దీనికి ఎదుటి పక్షం వారూ ఉన్నారు. "పైన ఎర్ర లైటు వెలుగుతోంది కదా, బాగానే ఉంది" అంటారు. ఆ లైటు చెప్పేది సిగ్నల్ వచ్చిందన్న కబురే. కరెంటు అవతలికి వెళ్లిందో లేదో దానికేం తెలుసు?

ఇక అసలు మంత్రం: "40 ఆంపియర్లని రాసుంది." రాసుంది, నిజమే. హీట్‌సింక్ మీద, మధ్యలో థర్మల్ పేస్టు రాసి బిగిస్తే అన్నది మాత్రం ఎవరూ చదవరు. పారే ప్రతి ఆంపియర్‌కీ అందులో వాటు నుంచి వాటున్నర దాకా వేడి పుడుతుంది. 20 ఆంపియర్లు లాగితే 20 నుంచి 30 వాట్లు. రంగు పూసిన రేకుకు నేరుగా బిగించి, ఏప్రిల్ ఎండలో తలుపు మూస్తే ఏమవుతుంది? కాలుతుంది. అప్పుడు తలుపు తెరిచి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడతారు. వేడితోపాటు ప్లాస్టిక్ దుమ్ముకూ రాచబాట పడుతుంది.

చచ్చిన ఎస్‌ఎస్‌ఆర్ ఎక్కువసార్లు షార్ట్ అయి చస్తుంది. పీఎల్‌సీ ఆపమన్నా హీటర్ ఆగదు, బ్యారెల్‌లో సరుకు మాడి బొగ్గవుతుంది. ఇక్కడ నేరం పీఎల్‌సీ మీదికి మళ్లుతుంది: "ప్రోగ్రామ్ చెడిపోయింది." ఎస్‌ఎస్‌ఆర్ 3, 4 టెర్మినళ్ల మధ్య 24 వోల్టులు వచ్చిపోతున్నాయా అని మీటరు పెట్టి చూసే ఓపిక ఉండదు గానీ, ప్రోగ్రామ్ మార్చడానికి మనిషిని పిలిపించే డబ్బుంటుంది. ఏసీ రకం ఎస్‌ఎస్‌ఆర్‌తో డీసీ వాల్వు నడిపేవాళ్లదీ ఇదే ఫిర్యాదు. ఒకసారి వెలిగితే డీసీలో అది ఆరదు మరి, ఏసీలోలా సున్నా దాటే కరెంటు ఏదీ? పీఎల్‌సీ రిలే అవుట్‌పుట్‌తో రెండు సెకన్లకోసారి ఎస్‌ఎస్‌ఆర్‌ని కొట్టించే ఘనులున్నారు. రోజుకు 43,200 సార్లు. కోటి సార్ల ఆయుష్షు రాసున్న రిలే అయినా ఎనిమిది నెలలు నిండకుండానే ముసలిదవుతుంది. అవుట్‌పుట్ కార్డు నాసిరకమని అప్పుడు శాపనార్థాలు.

2019లో ఎర్రమంచిలో కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లూ వచ్చాయి, వాటితో కాగితాలూ వచ్చాయి. మూలకారణ విశ్లేషణ ఫారంలో 'ఎందుకు?' అని ఐదుసార్లు అడగాలట. మనవాళ్లకైతే ఐదు గళ్లకూ ఒకటే జవాబు: ఎస్‌ఎస్‌ఆర్ పోయింది. నివారణ: ఎస్‌ఎస్‌ఆర్ మార్చాం. సంతకం, తేదీ, ముద్ర. ధర్మవరం మగ్గం మీద పోగు తెగితే నేతగాడు తెగిన చోటు వెతికి అతుకుతాడు, పడుగంతా కోసి పారేయడు. ఆయన్నెవరూ ఫారం నింపమనరు.

దసరాకి ప్యానెల్‌కు విభూతి, కుంకుమ, నిమ్మకాయ అన్నీ వైనంగా అమరుతాయి. పూజతోపాటు ఎస్‌ఎస్‌ఆర్‌కు ముందు ఒక కాంటాక్టరు, వేడి హద్దు దాటితే దాన్ని పడగొట్టే విడి థర్మోస్టాట్ పెట్టించండని ఓ యజమానితో అంటే, ఆయన నవ్వాడు.

"అది పెట్టినాం సార్ పోయినేడు. ఊరికూరికే మిషన్ నిలబడిపోతాండాదని తీసేసి వైరు కలిపేసినాం."